మెరిసి మాయమైన చుక్కలు

క్షయం లేనిది గనుక నక్షత్రమని మన వ్యాకర్తలు వ్యుత్పత్తి చెప్పారు. కంటికి కనబడే ఆకాశం విషయంలో ఆ మాట చాలవరకు చెల్లుతుంది. తాత చూసిన అరుంధతినే మనుమడూ చూస్తాడు. ఎప్పుడైనా ఒక కొత్త చుక్క పొడిచి, కొన్ని నెలలు వెలిగి అణగిపోతే దానిని ఉత్పాతమని భయపడ్డారే గాని, అట్లా వెలిగి అణగడం కూడా నక్షత్ర స్వభావంలో ఒక భాగమని పూర్వులు తలచలేదు. అయితే ఎక్స్-కిరణాలతో చూసినప్పుడు కనబడే ఆకాశం వేరు. అక్కడ నిలకడగా వెలిగేవి కొద్ది. పది సెకండ్లు భగ్గున మండి చల్లారేవి ఉన్నవి. రెండు మూడు నెలలు ఆకాశంలోని సమస్త జ్యోతులతోను పోటీపడి, పిదప దశాబ్దాల పాటు మూగవోయేవి ఉన్నవి. ఈ ఆకాశం మానవునికి పరిచయమైనది 1962లో. ఆ పరిచయకథలో క్షణకాలపు మెరుపులను పట్టుకొన్న ఘట్టం ఒకటి ఉన్నది. చరిత్ర రాసే ప్రతివానికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న అందులో అడుగడుగునా ఎదురవుతుంది. ఒకదానిని చూడడము, చూసినది ఫలానా అని గుర్తించడము ఒకటేనా? కాకపోతే కీర్తి ఎవరిది?

ఎక్స్-కిరణాలు మన మాంసాన్ని చొచ్చి ఎముకల బొమ్మలు తీయగలవే గాని, భూమి చుట్టూ ఉన్న గాలిపొరను దాటి నేలకు చేరలేవు. వాటిని చూడదలచినవాడు నూరు కిలోమీటర్ల ఎత్తుకైనా పోవలె. 1962 జూన్ 18వ తేదీ అర్ధరాత్రికి ఒక్క నిమిషం ముందు, అమెరికాలో న్యూమెక్సికో ఎడారిలోని వైట్ శాండ్స్ నుండి ఏరోబీ జాతి రాకెట్టు ఒకటి పైకి లేచినది. దాని మీది పరికరాలను సిద్ధపరచినవారు రికార్డో జకోనీ, హెర్బర్ట్ గుర్‌స్కీ, ఫ్రాంక్ పావొలీనీ, బ్రూనో రోసీ అనే నలుగురు. సూర్యరశ్మి పడినప్పుడు చంద్రుని నేల ఎక్స్-కిరణాలను వెదజల్లుతుందేమో చూడడం వారు పైకి చెప్పిన ఉద్దేశం. రాకెట్టు 225 కిలోమీటర్ల ఎత్తు వరకు పోయి, పనికివచ్చే ఎత్తులో 350 సెకండ్లు మాత్రమే ఉండి నేలకు దిగినది. చంద్రుని జాడ దొరకలేదు. దొరికినది వృశ్చికరాశి వైపు నుండి వస్తున్న బలమైన వెలుగు. వృశ్చిక ఎక్స్-1 అని దానికి పేరు పెట్టారు. నలభై ఏళ్ళ తరువాత, 2002లో, జకోనీకి వచ్చిన నోబెల్ బహుమానానికి బీజం ఆ ఆరు నిమిషాలే.

ఆ ఆరు నిమిషాలలోనే ఈ విద్య కున్న ఇబ్బంది కూడా కనబడుతుంది. రాకెట్టుకూ రాకెట్టుకూ నడుమ నెలలు గడిచేవి. ఊరిలో దొంగలు తిరుగుతున్నారని, ఏడాదికి రెండుసార్లు ఆరేసి నిమిషాలు కాపలా కాస్తే ఏం తెలుస్తుంది? 1967 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని ఊమెరా నుండి ఎగిరిన రాకెట్లకు సెంటారస్ మండలం వైపున, అంతకుముందు ఎవరికీ కనబడని ఒక ప్రచండమైన జ్యోతి కనబడినది. కొద్ది నెలలలోనే అది క్షీణించి కనుమరుగైనది. సెంటారస్ ఎక్స్-2 అన్న పేరు మాత్రం మిగిలినది. ఎప్పుడు పుట్టినదో, ఎంతకాలం వెలిగినదో సరిగా చెప్పగలవారు లేరు. కొన్ని చుక్కలు వచ్చిపోతవన్న సంగతి మాత్రం స్థిరపడినది. అవి వచ్చినప్పుడు చూడవలెనంటే ఎవరో ఒకరు నిద్రమాని కాపలా కాయవలె.

కాపలాదారులు అప్పటికే ఉన్నారు గాని, వారు కాస్తున్నది ఆకాశాన్ని కాదు. 1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ కలిసి, గాలిలోను నీటిలోను అంతరిక్షంలోను అణ్వస్త్ర పరీక్షలు జరపరాదని ఒప్పందం చేసుకొన్నవి. ఒప్పందమైతే జరిగినది గాని నమ్మకం కుదరలేదు. ఎదుటివారు దొంగతనంగా అంతరిక్షంలో బాంబు పేల్చుతారేమో కనిపెట్టడానికి అమెరికా సైన్యం వేలా అనే పేరుతో జంటజంటలుగా ఉపగ్రహాలను పంపినది. స్పానిష్ భాషలో వేలా అంటే జాగారం. బాంబు పేలితే వెలువడే ఎక్స్-కిరణాలను, గామా కిరణాలను పట్టడం వాటి పని. 1969 మే 23న పైకి పోయిన ఐదవ జంటలో వేలా 5బి అనే దానికి దీర్ఘాయువు అబ్బినది. అది పది సంవత్సరాలు, 1979 దాకా, భూమికి లక్ష కిలోమీటర్లకు పైబడిన దూరంలో తిరుగుతూ లెక్కలు పంపినది.

ఆ ఉపగ్రహం పనిచేసిన తీరు కొంచెం తెలుసుకొంటేనే గాని తరువాతి కథ బోధపడదు. అది 64 సెకండ్లకు ఒకసారి తన చుట్టూ తాను తిరిగేది. దానిలోని ఎక్స్-కిరణాల పరికరం సన్నని కిటికీ నుండి చూసేది గనుక, ఒక్కొక్క చుక్క ఆ కిటికీ ఎదుట ఒక్క సెకండు పాటు ఉండి తప్పుకొనేది. తిరిగి 64 సెకండ్ల తరువాతనే దాని దర్శనం. అంటే పది సెకండ్ల మెరుపు ఏదైనా వస్తే, అది కిటికీ అటు తిరిగి ఉన్నప్పుడే వచ్చిపోవడానికి అవకాశం ఎక్కువ. దొరికినా ఒక్క చుక్కగా దొరుకుతుంది. ముందూ వెనుకా ఉండవు. అట్లాంటి ఒంటి చుక్కలు యంత్రపు పొరపాటని తీసివేయడానికే తగి ఉంటవి.

1969 జూలై 9న ఈ వేలా పరికరాలకు సెంటారస్ వైపున కొత్తజ్యోతి ఒకటి పట్టుబడినది. లాస్ అలమోస్‌లోని కానర్, ఎవాన్స్, బేలియన్ అనే శాస్త్రజ్ఞులు ఆ ఏడాదే దానిని ప్రకటించారు. సెంటారస్ ఎక్స్-4 అని పిలిచారు. అది సుమారు ఎనభై రోజులు వెలిగి అణగిపోయినది. ఇది అందరికీ తెలిసిన భాగం. కాని ఆ లెక్కలలో మరొకటి కూడా ఉన్నది. జ్యోతి పుట్టడానికి రెండు రోజుల ముందు, జూలై 7న, అదే దిక్కు నుండి ఒక మహాజ్వాల లేచి పది నిమిషాలలో చల్లారినది. అది పది సెకండ్లది కాక పది నిమిషాలది కాబట్టి, 64 సెకండ్ల కొకసారి తిరిగివచ్చే ఆ కిటికీకి పలుమార్లు చిక్కినది. 1972లో వారే దానిని గురించి రాశారు. రానున్న జ్యోతికి ముందు వచ్చిన సూచనగా దానిని భావించారు. దాని జాతి ఏమిటో చెప్పడానికి అప్పటికి మాటే లేదు. పేరు లేనిదానిని చూచినవాడు చూచినట్లా, కాదా?

ఇదే వేలా జాతి ఉపగ్రహాలు 1967 జూలై 2న మొట్టమొదటి గామా కిరణ విస్ఫోటాన్ని కూడా నమోదు చేసినవి. అది లోకానికి తెలిసినది 1973లో. సైనిక ఉపగ్రహాల లెక్కలలో నక్షత్రాల సంగతులు ఆరేళ్ళు పడి ఉండడం ఆ కాలపు విచిత్రం.

ఇక రెండవ ఘట్టానికి పాత్రలు డచ్చివారు. మచిలీపట్నంలో వర్తకం చేసి, అక్కడ వలందపాలెం అనే పేరు మిగిల్చిపోయిన వలందులు వీరే. వారి మొదటి ఉపగ్రహం ఏ.ఎన్.ఎస్. అనేది 1974 ఆగస్టు 30న అమెరికా రాకెట్టు మీద కాలిఫోర్నియా నుండి బయలుదేరినది. రాకెట్టు దానిని అనుకొన్న వర్తులకక్ష్యలో నిలపలేకపోయినది. ఒక కొసన 258 కిలోమీటర్లు, మరొక కొసన 1173 కిలోమీటర్లు అయిన కోడిగుడ్డు కక్ష్యలో పడి, అది భూమిని చుట్టిన విద్యుత్కణాల మేఖలలోనికి పోతూ వస్తూ ఉండేది. ఆ మేఖలలో ఉన్నంతసేపు ఎక్స్-కిరణ పరికరాలు గుడ్డివే. అంత వికలమైన ఉపగ్రహం ఒక సంవత్సర కాలంలో రెండు కొత్త లోకాలను చూపినది.

మొదటిది మామూలు నక్షత్రాలది. వైజెడ్ కానిస్ మైనోరిస్, యు.వి. సీటి అనేవి సూర్యునికన్న ఎంతో చిన్నవి, ఎర్రనివి, మనకు పొరుగువి. వాటి ఉపరితలంపై సూర్యునిలో వలెనే, కాని అంతకన్న భీకరంగా, జ్వాలలు లేచి నిమిషాలలో అణగుతవని దూరదర్శినులతో చూచినవారు ఎరుగుదురు. ఏ.ఎన్.ఎస్. వాటి జ్వాలలను ఎక్స్-కిరణాలలో పట్టినది: మొదటిది 1974 అక్టోబరులో, రెండవది 1975 జనవరిలో. సూర్యుడు కాక వేరొక నక్షత్రపు జ్వాల ఎక్స్-కిరణాలలో కనబడడం అదే ప్రథమం. ఉట్రెక్ట్ నగరపు జాన్ హైజె, ఆయన తోటివారు ఆ పని చేశారు.

రెండవది 1975 సెప్టెంబరు 28 నాటిది. ధనూరాశిలో, సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో, ఎన్.జి.సి. 6624 అనే గోళాకార తారాగుచ్ఛం ఉన్నది. లక్షల కొలది ముసలి నక్షత్రాలు తేనెపట్టు వలె ముసురుకొని ఉండే గుంపు అది. అందులో ఒక ఎక్స్-కిరణ జ్యోతి ఉన్నదని అంతకుముందే తెలుసు. ఆనాడు ఏ.ఎన్.ఎస్. దానిని చూస్తుండగా, ఆ వెలుగు ఒక్క సెకండు లోపల ఎన్నో రెట్లు పెరిగి, పదిపన్నెండు సెకండ్లలో చాలావరకు దిగిపోయినది. అట్లా రెండు పర్యాయాలు జరిగినది. హార్వర్డ్‌లోని జొనాథన్ గ్రిండ్లే, హైజె మొదలైనవారు ఆ లెక్కలను తరువాత పరిశీలించి, ఇది కొత్త జాతి మెరుపు అని ప్రకటించారు.

ఇక్కడ ఒక్కక్షణం ఆగి, ఆ ప్రకటన చేయడానికి ఎంత ధైర్యం కావలెనో చెప్పుకొనవలె. ఎక్స్-కిరణ పరికరం బొమ్మ తీయదు. వచ్చిన కణాలను లెక్కపెడుతుంది. సెకండుకు సగటున నూరు కణాలు వస్తున్నవంటే, ఒక సెకండులో తొంభై, మరొక సెకండులో నూటపది రావడం సహజం. నూటముప్పై రావడం అరుదు. కాని సంవత్సరానికి మూడు కోట్లకు పైగా సెకండ్లు. ఒక్కొక్క సెకండుకు అరుదనిపించేది ఏడాది మొత్తంలో వేలసార్లు జరిగితీరుతుంది. అందుచేత ఒక్క పొడవాటి గీతను చూసి మురిసిపోయేవాడు ఈ పనికి తగడు. పైగా భూమి అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రానులు ఉన్నట్లుండి పరికరం మీద వాన కురిసినట్లు కురిసి, అచ్చంగా మెరుపు వలె కనిపిస్తవి. ఆ వాన అన్ని దిక్కుల నుండి వస్తుంది. నక్షత్రపు మెరుపు ఒక్క దిక్కు నుండే వస్తుంది. ఒకే ఉపగ్రహం మీద రెండు పరికరాలుంటే రెంటికీ అది ఒకేసారి కనబడవలె. ఎక్కడం నిటారుగా ఉండి దిగడం నెమ్మదిగా ఉండవలె. దిగుతున్నకొద్దీ తీక్షణకిరణాల పాలు తగ్గి మృదుకిరణాల పాలు హెచ్చవలె, కొలిమి నుండి తీసిన ఇనుము తెలుపు నుండి ఎరుపుకు వచ్చినట్లు. వీటన్నిటికన్న గట్టి సాక్ష్యం, అదే చోటి నుండి మళ్ళీ రావడం. ఇన్ని వడపోతలకు నిలిచిన తరువాతనే దానిని మెరుపన్నారు.

ఇక ప్రకటన వెలువడినదో లేదో, అందరూ తమ తమ పాత దస్త్రాలు విప్పారు. అమెరికావారి ఎస్.ఏ.ఎస్.-3 ఉపగ్రహం లెక్కలను మసాచుసెట్స్ సాంకేతిక సంస్థవారు తిరగవేయగా, అదే తారాగుచ్ఛం నుండి నాలుగైదు గంటల కొకటి చొప్పున పది మెరుపులు వరుసగా దొరికినవి. లాస్ అలమోస్ వారి వద్ద 1969, 1970 సంవత్సరాల వేలా లెక్కలు ఉండనే ఉన్నవి. వాటిలోను నోర్మా మండలం వైపు నుండి వచ్చిన మెరుపులు కనబడినవి. ఏ.ఎన్.ఎస్. చూచిన మెరుపుల సంగతి, వేలా లెక్కలలోని మెరుపుల సంగతి, రెండూ 1976లోనే అచ్చయినవి. అందుచేతనే ఈ విషయంపై రాసేవారు ఇద్దరికీ స్వతంత్రంగా కనుగొన్న గౌరవం ఇస్తుంటారు.

1976 మార్చిలో, వాల్టర్ లెవిన్ నాయకత్వాన పనిచేస్తున్న ఎస్.ఏ.ఎస్.-3 బృందానికి మరొక వింత తగిలినది. వృశ్చికరాశిలో ఒక జ్యోతి గంటల కొకసారి కాదు, కొన్ని సెకండ్ల కొకసారి మెరుస్తున్నది. ఒక్కరోజులో వేల మెరుపులు. దానికి వడివడి మెరిసేది అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ దిక్కున ధూళిమేఘాల వెనుక దాగిన తారాగుచ్ఛాన్ని విలియం లిల్లర్ కనుగొన్నాడు. ఆయన పేరనే అది లిల్లర్ 1 అయినది. ఈ జ్యోతికి ఒక చిత్రమైన అలవాటున్నది. మెరుపు చిన్నదైతే తరువాతిది త్వరగా వస్తుంది. పెద్దదైతే చాలాసేపు మౌనం వహిస్తుంది. పెద్ద ఖర్చు చేసిన గృహస్థు మళ్ళీ కూడబెట్టుకొనడానికి ఎక్కువకాలం తీసుకొన్నట్లు ఉంటుంది దాని వ్యవహారం.

ఈ మెరుపులకు కారణమేమిటి? మొదట గ్రిండ్లే, గుర్‌స్కీ ఒక ఊహ చేశారు. తారాగుచ్ఛపు నడిబొడ్డున సూర్యునికి వందల రెట్లు బరువైన కృష్ణబిలం ఉన్నదని, దాని చుట్టూ కాగిన వాయుమేఘంలో కిరణాలు చెదరడం వల్ల మెరుపుకు ఆ రూపం వస్తున్నదని. అందమైన ఊహ. నిలువలేదు. గోళాకార గుచ్ఛాలలో లేని జ్యోతులు కూడా అదే తీరున మెరుస్తున్నవని తేలడంతో దాని వేరు కదిలినది. ఇంతలో న్యూట్రాన్ తారల మీద పడిన పదార్థం అణుసంయోగంతో ఒక్కసారిగా మండిపోవచ్చునని 1975లోనే హాన్సెన్, వాన్ హార్న్ గణితం చేసి ఉంచారు. మెరుపులను ఎవరూ ప్రకటించకముందే వారు ఆ పని చేశారు. 1976లో వూస్లీ, టామ్ ఒకవైపు, మరాస్కీ, కవలియేరి ఇంకొకవైపు, మెరుపులకు ఆ మంటే కారణమన్నారు.

దాని కథ ఇది. న్యూట్రాన్ తార అడ్డుకొలత ఇరవై, ఇరవైఅయిదు కిలోమీటర్లు. బరువు సూర్యునికి ఒకటిన్నర రెట్లు. పక్కనే తిరిగే తోడునక్షత్రం నుండి వాయువు దానిమీదికి జారుతుంది. పడేటప్పుడు కలిగే వేడివల్ల నిత్యమూ ఎక్స్-కిరణాలు వెలువడుతవి. పడిన పదార్థం పలుచని పొరగా పేరుకొంటుంది. కొన్ని గంటలకో కొన్ని రోజులకో అడుగుభాగాన హీలియం అంటుకొని పొరంతా ఒక్కసారి మండుతుంది. సూర్యుడు కొన్ని రోజులలో వెలువరించే శక్తి పది సెకండ్లలో బయటపడుతుంది. ఈ మాట నిజమని నమ్మించినది ఒక చిన్న భాగహారం. పదార్థం పడడంవల్ల కలిగే శక్తి, అది మండడంవల్ల కలిగే శక్తికన్న ఎన్నో పదుల రెట్లు. కాబట్టి రెండు మెరుపుల నడుమ నిలకడగా వెలువడిన శక్తిని మెరుపు శక్తితో భాగిస్తే నూటికి దగ్గరి అంకె రావలె. చాలా జ్యోతుల విషయంలో అట్లాగే వచ్చినది.

వడివడి మెరిసేదాని విషయంలో మాత్రం రాలేదు. అక్కడ మెరుపులకన్న నిలకడ వెలుగే తక్కువ. అణుసంయోగంతో దానికి పొత్తు కుదరదు. చివరకు ఆ జ్యోతే చిక్కు విప్పినది. 1977 శరత్కాలంలో అది తన వడివడి మెరుపుల నడుమ, మూడు నాలుగు గంటల కొకసారి, వేరొక రకపు మెరుపులను కూడా విసరినది. ఇవి నెమ్మదిగా చల్లారే రకం. హాఫ్‌మన్, మార్షల్, లెవిన్ 1978లో రెంటికీ రెండు తెగలు కట్టారు. పేరుకొన్న పొర మండడంవల్ల పుట్టేది మొదటి తెగ. వాయువు ధారగా గాక విడతలు విడతలుగా జారిపడడంవల్ల పుట్టేది రెండవ తెగ. ఒకే తార రెండు విధాల మెరవడం చూచిన తరువాత సందేహాలు చాలవరకు తీరినవి. మొదటి తెగ మెరుపులు చల్లారే తీరును బట్టి, మండుతున్న గోళం వ్యాసార్ధం పది కిలోమీటర్లకు దగ్గరగా ఉన్నదని లెక్క తేలినది. వేల కాంతి సంవత్సరాల దూరాన ఒక జిల్లా తాలూకా అంత గోళం కొలత దొరకడం చిన్న సంగతి కాదు.

మెరుపుల సంగతి ఇట్లా ఉండగా, నెలల తరబడి వెలిగి అణగేవాటి విషయంలో ఇంతకన్న వింత జరిగినది. 1975 ఆగస్టు 3న బ్రిటిషువారి ఏరియల్-5 ఉపగ్రహం ఏకశృంగి మండలంలో ఒక కొత్తజ్యోతిని చూచినది. కొద్ది రోజులలో అది వృశ్చిక ఎక్స్-1ను కూడా మించి, అప్పటిదాకా సౌరకుటుంబం వెలుపల ఎవరూ చూడనంత ప్రకాశం పొందినది. దూరదర్శినితో చూస్తే ఆ చోట ఒక నక్షత్రం మామూలు వెలుగులో కూడా పెరిగి కనబడినది. అప్పుడు హార్వర్డ్ వేధశాలలోని పాత ఛాయాచిత్ర ఫలకాలను వెదికారు. 1917లో తీసిన ఫలకాలలో అదే నక్షత్రం అదే విధంగా వెలిగి ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధం నాటి మెరుపు 58 ఏళ్ళు అద్దం మీద నిద్రపోయినది. అందులో ఉన్నది కృష్ణబిలమని 1986లో మెక్లింటాక్, రెమిలార్డ్ నిరూపించారు: 7 గంటల 45 నిమిషాలలో ఒక చుట్టు తిరిగే తోడునక్షత్రపు వేగాన్ని బట్టి, కనబడని జంట బరువు సూర్యునికి మూడు రెట్లకు పైమాటే అని తేలినది.

1917లో ఆ ఫలకం తీసినవారు కృష్ణబిలాన్ని చూచారందామా? అనలేము. అయితే వారు ఆ రాత్రి కెమెరా తెరవకపోతే, తీసిన ఫలకాన్ని భద్రపరచకపోతే, 1975లో దొరికినది సగమే అయ్యేది. పొలం గట్టున పడి ఉన్న శాసనాన్ని చెక్కినవాడు ఒకడు, దానిని పగులగొట్టి బావికి మెట్టుగా వేయక కాపాడినవాడు మరొకడు, చదివినవాడు వేరొకడు. మన చరిత్రకారులు చదివినవాని పేరే ఎక్కువ తలుస్తారు. విజ్ఞాన చరిత్రకారులదీ అదే దారి. వేలా ఉపగ్రహం 1969 జూలై 7న చూచిన మహాజ్వాల విషయంలో ఈ తగవు మరింత సూక్ష్మమైనది, ఎందుకంటే లాస్ అలమోస్ వారు దానిని గమనించారు, అచ్చు వేశారు, దిక్కు చెప్పారు. చెప్పనిది ఒక్కటే, అదొక జాతి అని. గ్రిండ్లే, హైజెల పాలు అదే. నా మట్టుకు నాకు, ఒక వింతను జాతిగా గుర్తించినవానికి కనుగొన్నవాడనే పేరు ఇవ్వడం న్యాయంగానే తోస్తుంది. కాని ముందటివారిని అదృష్టహీనులని జాలిపడడం తప్పు. వారు చేయవలసినది చేశారు. 2009లో కూల్కర్స్, ఇంట్ జాండ్, లసోటా ఆ పాత లెక్కలను మళ్ళీ పరిశీలించి, ఆ పది నిమిషాల జ్వాల మొదటి తెగ మెరుపేనని వాదించారు. అట్లాంటి మెరుపులలో అంత ప్రకాశంతో భూమికి కనబడినది మరొకటి లేదు. అది దగ్గరిది కావడం అందుకు కారణం. దూరం సుమారు నాలుగు వేల కాంతి సంవత్సరాలే.

ఈ కథలో మన దేశానికి కూడా భాగమున్నది; అందులో కొంత మన హైదరాబాదుది. నేలకు నలభై కిలోమీటర్ల ఎత్తున ఎగిరే బెలూనుకు మృదువైన ఎక్స్-కిరణాలు అందవు గాని తీక్షణమైనవి అందుతవి. భూమి అయస్కాంత మధ్యరేఖకు సమీపాన ఉండడంవల్ల హైదరాబాదు మీద విశ్వకిరణాల గోల తక్కువ; అందుచేత ఇక్కడి నుండి ఎగిరే పరికరం చెవికి సన్నని సవ్వడి కూడా వినబడుతుంది. బొంబాయి టాటా పరిశోధనసంస్థవారు 1968 ఏప్రిల్ 28న హైదరాబాదు నుండి బెలూను ఎగురవేసి వృశ్చిక ఎక్స్-1ను చూచారు. దాని తీక్షణకిరణాలు త్వరత్వరగా హెచ్చుతగ్గులవుతున్నవని బి.వి. శ్రీకంఠన్, పి.సి. అగ్రవాల్ మొదలైనవారు 1969లో నేచర్ పత్రికలో రాశారు. వేలా 5బి తన జాగారం మొదలుపెట్టిన ఏడాదే అది. 1975 ఏప్రిల్‌లో ఎగిరిన ఆర్యభట మీద కూడా ఎక్స్-కిరణ పరికరం ఉన్నది. విద్యుత్తు సరఫరా చెడి దాని పని కొద్ది రోజులతో ఆగినది.

ఇరవై ఏళ్ళ పిమ్మట, 1996 మార్చి 21న, శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మీద ఐ.ఆర్.ఎస్.-పి3 ఉపగ్రహం పోయినది. దాని ముఖ్యమైన పని భూమిని చూడడం. టాటా సంస్థ, బెంగుళూరు ఉపగ్రహకేంద్రం కలిసి చేసిన ఎక్స్-కిరణ పరికరం అందులో అద్దెకున్నవాని వంటిది. ఏడాదిలో కొంతకాలం మాత్రమే ఆకాశం వైపు తిరగడానికి దానికి సెలవు. ఆ దొరికిన కాలంలో 1997 వేసవిలో అది గరుడమండలంలోని జి.ఆర్.ఎస్. 1915+105 అనే కృష్ణబిలాన్ని చూచినది. 1992లో హఠాత్తుగా వెలిగి లోకదృష్టికి వచ్చిన జ్యోతి అది. దాని నుండి నిమిషం లోపు వ్యవధితో, దాదాపు క్రమం తప్పక, మెరుపులు వస్తున్నవి. విశేషమేమంటే న్యూట్రాన్ తార మెరుపు నిటారుగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఇది మెల్లగా ఎక్కి నిటారుగా పడిపోతున్నది. మెరుపు చివరన పదార్థం కృష్ణబిలం హద్దు దాటి మళ్ళీ రాకుండా పోతున్నదేమోనని బిశ్వజిత్ పాల్, అగ్రవాల్ తదితరులు 1998లో సూచించారు. ఈ సూచనపై అభిప్రాయభేదాలు ఉండవచ్చు. కృష్ణబిలానికి నేల లేదు గనుక దానిపై పొర పేరుకొని మండడానికి వీలులేదన్నది మాత్రం స్థిరమైన మాట. మొదటి తెగ మెరుపు ఎక్కడ కనబడినా అక్కడ న్యూట్రాన్ తార ఉన్నదని సాక్ష్యం చెప్పినట్లే.

ఏ.ఎన్.ఎస్. మెరుపును చూచిన నాటికి సరిగా నలభై ఏళ్ళకు, 2015 సెప్టెంబరు 28న, శ్రీహరికోట నుండే ఆస్ట్రోశాట్ బయలుదేరినది. తేదీలు కలియడం కాకతాళీయమే. దాని పరికరాలు 4యు 1728-34 అనే తార మెరుపులో సెకండుకు 363 సార్లు చొప్పున వణుకును పట్టినవి. మెరుపు మొదట ఒక మూల అంటుకొని వ్యాపిస్తుంది గనుక, తార తిరుగుతున్నప్పుడు ఆ వెలుగుమచ్చ మనకు కనబడుతూ మరుగవుతూ ఉంటుంది. ఆ వణుకే తార తన చుట్టూ తాను తిరిగే వేగం. 1996లో అమెరికా వారి రోసీ ఉపగ్రహం ఆ తారలోనే ఈ విశేషాన్ని మొదటిసారి చూచినది. అన్నీ మనకు కలిసిరాలేదు. 1938లో ఒకసారి, 1989లో ఒకసారి మెరిసిన హంసమండలపు వి404 అనే కృష్ణబిలం 2015 జూన్‌లో ప్రచండంగా వెలిగి, వేసవి గడిచేసరికి చల్లారినది. ఆస్ట్రోశాట్ మూడు నెలలు ముందు పైకి పోయి ఉంటే!

ఇప్పుడు కాపలాకు కొదవ తగ్గినది. 2009లో అంతర్జాతీయ అంతరిక్ష స్థావరానికి అమర్చిన జపానువారి మ్యాక్సీ తొంభై నిమిషాల కొకసారి ఆకాశాన్ని దాదాపు అంతా తుడిచివచ్చేటట్లు నిర్మితమైనది. చైనావారు 2024 జనవరి 9న పంపిన ఐన్‌స్టైన్ ప్రోబ్, ఎండ్రకాయ కంటి నిర్మాణాన్ని అనుకరించిన అద్దాలతో, ఒకేసారి విశాలమైన ఆకాశఖండాన్ని చూడగలది. అయినా 1969 జూలై నాటి ప్రశ్న ఒకటి మిగిలే ఉన్నది. సెంటారస్ ఎక్స్-4 మీద జూలై 7న లేచిన జ్వాల, రెండు రోజుల తరువాతి మహాప్రకాశానికి నిప్పు అంటించినదా, లేక రెండూ ఒకదాని వెంట ఒకటి రావడం యాదృచ్ఛికమా? దీనికి జవాబు ఆ తారే చెప్పవలె. అది 1979 మేలో మరొకసారి వెలిగినది. అప్పుడు జపానువారి హకుచో ఉపగ్రహం దాని నుండి ఒక మెరుపును చూచినది. ఆ తరువాత నలభై ఏళ్ళకు పైగా మౌనం. 2021లో దాని వెలుగు దూరదర్శినులకు కొంతకాలం హెచ్చుతూ కనిపించినది. కాపలాదారులందరూ ఆ వైపు తిరిగారు. అది మహాప్రకాశం దాకా రాకుండానే తగ్గి, యథాస్థితికి వచ్చినది.